మన పొరుగున ఒక ఇంగ్లీషు ఊరు

ఇంగ్లండు చూసివచ్చిన మిత్రులు తెచ్చే ఫోటోల్లో లండను వంతెనా రాజుగారి కోటా అయిపోయిన తర్వాత తప్పనిసరిగా ఒక చిన్న ఊరు ఉంటుంది. రాళ్ళు పరచిన చౌకు, దాని నడుమ పాత రాతి స్తంభం, చుట్టూ వంకర గోడల ఇళ్ళు, ఒక చర్చి. వీటిని మార్కెట్ టౌన్లు అంటారు. రాజుగారు చార్టరు ఇస్తేనే అక్కడ వారపు సంత నడిచేది. పదమూడో శతాబ్దంలో బ్రాక్టన్ అనే న్యాయవేత్త పేరుమీద చెలామణీ అయిన ఒక లెక్క ఉంది. మనిషి రోజుకు ఇరవై మైళ్ళు నడవగలడు. అందులో మూడోవంతు సంతకు పోవడానికి, మూడోవంతు బేరాలకు, మూడోవంతు చీకటి పడకముందే ఇల్లు చేరడానికి. కనుక ఒక సంతకు ఆరు మైళ్ళ మీద మరో మైలులో మూడింట రెండు వంతుల దూరంలోపల మరో సంత పెడితే, పాత సంతకు నష్టం కలిగించినట్టే! మన పల్లెల్లో సోమవారం సంత, గురువారం సంత అని వంతులు వేసుకోవడం వెనక ఉన్న తెలివి కూడా ఇదే గదా. ఎవరూ చార్టరు ఇవ్వలేదు, అంతే తేడా.

ఇంగ్లీషు ఊరు చూడాలంటే వీసా, విమానం టిక్కెట్టు, చలికోట్లు అన్నీ సమకూర్చుకోవాలని మనం అనుకుంటాం. మా ఎగైలా నుంచి కారులో పావుగంట పోతే ఇంగ్లీషువాళ్ళు కాగితం మీద గీసి, ఎడారిలో నిలబెట్టిన ఊరు ఒకటి ఉంది. అదే అహ్మదీ. మనం దాని పక్కనుంచే ఏళ్ళ తరబడి తిరుగుతున్నాం. మన సివిల్ ఐడీలు, మన పోలీసు స్టేషన్లు, మన గవర్నరేటు అన్నీ ఆ పేరుతోనే ఉన్నాయి. అయినా ఒక శుక్రవారం పొద్దున పనిగట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని, ఆ ఊరిని ఊరుగా చూసిరావాలని మాకు చాలాకాలం తోచలేదు. చూశాక దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వకుండా ఉండలేకపోయాం. తవ్వితే అది మన బందరు దాకా పోయింది.

ముందు నూనె సంగతి. 1934 డిసెంబరు 23న అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ కువైట్ ఆయిల్ కంపెనీకి చమురు తవ్వుకునే హక్కు రాసి ఇచ్చారు. కంపెనీలో సగం ఆంగ్లో పర్షియన్ వాళ్ళది, సగం అమెరికా గల్ఫ్ కంపెనీది. 1936లో కువైట్ అఖాతానికి ఉత్తరాన బహ్రాలో తవ్విన మొదటి బావి ఎండిపోయిన కొబ్బరికాయ. డిక్సన్ దొర ఒకాయన ఉండేవాడు. ఇక్కడ బ్రిటిషు పొలిటికల్ ఏజెంటుగా పనిచేసి, తర్వాత కంపెనీలో చేరాడు. ఆయనకు ఒక కల వచ్చిందట. ఒంటరి రేగుచెట్టు, దాని పక్క గొయ్యి, అందులోంచి లేచి వచ్చిన స్త్రీ. కలలు చెప్పే ఒక బెదూయిన్ స్త్రీ, బుర్గాన్ దగ్గర అటువంటి చెట్టు ఉంది, అక్కడ తవ్వించమన్నదట. ఆయన తన పుస్తకంలో రాసుకున్న కథ ఇది. భూగర్భ శాస్త్రజ్ఞులు అప్పటికే బుర్గాన్ మీద కన్నేసి ఉన్నారు కనుక ఆ స్త్రీ మూలంగానే చమురు పడిందని మేము అనలేం. కాని 1938 ఫిబ్రవరిలో బుర్గాన్‌లో చమురు ఎగదన్నిన మాట నిజం. యుద్ధం వచ్చి 1942లో బావులు మూసేశారు. యుద్ధం ముగిశాక 1946 జూన్ 30న షేక్ అహ్మద్ ఒక వెండి చక్రం తిప్పితే, బ్రిటిష్ ఫ్యూసిలియర్ అనే ఓడలోకి కువైట్ మొదటి చమురు దిగింది.

అహ్మదీ ఆయన పేరే. ఊరికి ఎంచుకున్న చోటు దహర్ అనే మిట్ట. సముద్రానికి నాలుగు వందల అడుగులు ఎత్తు. గాలి ఆడుతుందని దొరలు అక్కడ ఇళ్ళు కట్టుకున్నారని చాలామంది అంటారు. అది సగం కారణమే. అసలు కారణం నూనెకు సంబంధించినది. బావుల నుంచి వచ్చిన చమురును మిట్టమీది ట్యాంకుల్లో నింపితే, అక్కడి నుంచి రేవులో ఉన్న ఓడలోకి పల్లానికి అదే జారిపోతుంది. పంపులక్కరలేదు. నీటికి పల్లం తెలుసు అన్న మన మాట నూనెకూ వర్తిస్తుందన్నమాట. ట్యాంకులు మిట్ట మీద ఉన్నాయి కనుక మనుషులూ మిట్ట ఎక్కారు. మొదట డేరాలు, రేకు షెడ్లు. తర్వాత 1947 ప్రాంతం నుంచి పక్కా ఊరు.

ఆ ఊరికి నక్షా గీసినవాడు జేమ్స్ మాలిసన్ విల్సన్ అనే వాస్తుశిల్పి. ఈయన పూర్వవృత్తం తెలిసినప్పుడు మాకు చాలా విషయాలు ఒక్కసారిగా అర్థమైనాయి. విల్సన్ యువకుడిగా న్యూఢిల్లీ కట్టేటప్పుడు లట్యెన్స్ కింద పనిచేశాడు. ఆ తర్వాత బాగ్దాదులో ప్రభుత్వ కట్టడాల శాఖ చూశాడు. అక్కడి నుంచి ఇరాన్‌లోని అబాదాన్‌లో ఆంగ్లో పర్షియన్ కంపెనీకి ఇళ్ళు గీశాడు. ఆఖరికి అహ్మదీ. ఢిల్లీలో నేర్చిన పాఠం అబాదాన్ మీదుగా కువైట్ ఎడారికి చేరిందన్నమాట.

ఏమిటా పాఠం? అహ్మదీని మూడు ముక్కలుగా గీశారు. ఉత్తర భాగం పెద్ద ఉద్యోగులకు, అంటే బ్రిటిషు వారికీ అమెరికన్లకూ. విడివిడి బంగళాలు, ముందు పచ్చిక, కంచెగా కత్తిరించిన మొక్కలు, దగ్గర్లో హుబారా క్లబ్బు. నడిమి భాగం గుమాస్తాలకు, సాంకేతిక సిబ్బందికి. వీరిలో ఎక్కువమంది భారతీయులు, పాకిస్తానీలు. దక్షిణ భాగం అరబ్ కార్మికులకు. దానికి అరబ్ విలేజ్ అని పేరు. అరబ్బుల దేశంలో అరబ్బులకు ఒక మూల అరబ్ విలేజ్ కట్టి ఇవ్వడం విచిత్రంగా లేదూ! ఇంటి కొలత, తోట కొలత, గదుల లెక్క అన్నీ ఉద్యోగపు మెట్టును బట్టే. భార్యాబిడ్డల్ని తెచ్చుకోవచ్చా లేదా అన్నది కూడా మెట్టును బట్టే. వీధులకు పేర్లకన్నా నంబర్లే ఎక్కువ. ఎవరి ఇంటి నంబరు చెబితే వారి జీతం చెప్పినట్టే ఉండేది.

ఇది ఇంగ్లండులోని మార్కెట్ టౌను పోలిక కానే కాదు. అక్కడ జమీందారూ కసాయివాడూ ఒకే చౌకులో తారసపడతారు. అహ్మదీకి పోలిక మన దేశంలో వెతకాలి. వాల్తేరు అప్‌లాండ్స్, కాజీపేట, బిట్రగుంట రైల్వే కాలనీల్లో పెరిగిన మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఆఫీసర్ల బంగళాలు ఒకవైపు, వరస క్వార్టర్లు ఒకవైపు, మధ్యన ఇన్‌స్టిట్యూటు. ఢిల్లీలోనూ అంతే. వైస్రాయి భవనం నుంచి ఎంత దూరమో అంత చిన్న ఉద్యోగం.

ఇంకా వెనక్కి పోతే ఇంగ్లీషు కంపెనీ మన నేల మీద పెట్టిన మొదటి కాపురం బందరులో కనబడుతుంది. 1611లో గ్లోబ్ అనే ఓడ కోరమాండల్ తీరానికి వచ్చింది. పులికాట్‌లో డచ్చివాళ్ళు కాలు మోపనీయలేదు. అది పైకి సాగి నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. గోల్కొండ నవాబుల రేవు అది. అప్పటికే అక్కడ ఇరానీ వర్తకులు, డచ్చివారు కొలువై ఉన్నారు. 'బందరు' అన్న మాటే పారసీకం, రేవు అని అర్థం. ఇక్కడ మన అరబ్బు మిత్రులకు ఆ పేరు చెబితే అర్థం అడగరు. అద్దకపు బట్టల కోసం ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఆ పనికి మనం పిలిచే కలంకారీ అన్న పేరూ పారసీకమే. ఆ బట్టలు బందరు నుంచి పర్షియా రేవులకు, అంటే ఇప్పుడు మనం సాయంత్రం షికారు పోయే ఈ సముద్రంలోకే, ఓడల మీద వచ్చేవి. మన పూర్వులు నేసి అద్దిన సరుకు మనకన్నా మూడున్నర శతాబ్దాల ముందే గల్ఫుకు వచ్చిందని పిల్లలకు చెబితే మొదట నమ్మలేదు.

బందరు ఫ్యాక్టరీ అంటే యంత్రాలున్న కార్ఖానా కాదు, కంపెనీ ఉద్యోగులైన ఫ్యాక్టర్లు ఉండే ఇల్లు, గిడ్డంగి. అందరూ ఒకే కప్పు కింద ఉండి ఒకే బల్ల దగ్గర తినాలి. ఆ బల్ల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది ఉద్యోగపు వరస. అప్రెంటిసు, రైటరు, ఫ్యాక్టరు, మర్చంటు, సీనియర్ మర్చంటు. రైటరు జీతం ఏడాదికి పది పౌన్లు. మద్రాసు కోట అధికారి స్ట్రెన్‌షామ్ మాస్టర్ 1679లో బందరు, నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం ఫ్యాక్టరీలు తనిఖీ చేయడానికి వచ్చాడు. ఆయన దినచర్య పుస్తకం అచ్చయింది. లెక్కల పుస్తకాలు ఎలా రాయాలి, ఎవరి తర్వాత ఎవరు అన్న విషయాల మీద ఆయనకున్న పట్టు చూస్తే, నేటి మన హెచ్.ఆర్. డిపార్టుమెంట్లు అప్పుడే పుట్టాయా అనిపిస్తుంది. బందరులోని కుర్చీల వరసే అహ్మదీలో వీధుల వరస అయిందని మా అభిప్రాయం. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో గాని, కంపెనీ అనే ప్రాణికి జ్ఞాపకశక్తి చాలా ఎక్కువ.

ఇక కోలారు. బంగారు గనుల ఊరైన కె.జి.ఎఫ్.ను దొరలు లిటిల్ ఇంగ్లండ్ అని మురిసిపోయేవారు. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ అక్కడ గనులు నడిపింది. క్లబ్బు, గోల్ఫు, గులాబీ తోటలు ఒకవైపు. చిత్తూరు, ఉత్తరార్కాడు జిల్లాల నుంచి వచ్చిన తెలుగు, తమిళ కూలీలు బతికిన లైన్లు మరోవైపు. లైనంటే తడికె గోడల గదుల వరస. మా వృత్తి వైద్యం కనుక ఒక లెక్క చెప్పకుండా ఈ ఊరు దాటలేం. 1940-46 మధ్య అక్కడ 7,653 మంది గని కార్మికులను పరీక్షిస్తే 3,402 మందికి సిలికోసిస్ కనిపించింది. రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, ఊపిరి కొంచెం కొంచెంగా బిగించే జబ్బు. నూటికి నలభై నాలుగుమంది పైచిలుకు! గులాబీ తోటల ఫోటోలు చూసేటప్పుడు ఈ అంకె పక్కన పెట్టుకుని చూడాలి. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. లైన్లలో మనుషులు ఇంకా ఉన్నారు. రోజూ తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు పనికి పోతున్నారు.

అహ్మదీలో భారతీయులు ఎలా వచ్చి పడ్డారన్న ప్రశ్నకు సమాధానం కూడా పాత సంబంధాల్లోనే ఉంది. 1947 దాకా ఈ తీరం మీది బ్రిటిషు వ్యవహారాలు రెసిడెంటు ద్వారా ఢిల్లీ ప్రభుత్వం చేతిలో నడిచాయి. కువైట్ తపాలా బిళ్ళలు మన బిళ్ళలే, పైన కువైట్ అని ముద్ర కొట్టినవి. 1961లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది మన రూపాయే. ఆఖరి రెండేళ్ళూ రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం వేరే రంగులో అచ్చువేసిన రూపాయి. పదమూడు రూపాయల చిల్లరకు ఒక దీనారు చొప్పున మార్చారు. (ఇప్పటి మారకం రేటు తలుచుకుని నిట్టూర్చకండి!) కనుక కంపెనీకి టైపిస్టు, ఫిట్టరు, స్టోర్‌కీపరు కావలసి వచ్చినప్పుడు బొంబాయి వైపు చూడడం సహజం. 1951లో మొసాదిక్ ప్రభుత్వం అబాదాన్‌ను జాతీయం చేశాక అక్కడి అనుభవజ్ఞులు కొందరు ఇటు మళ్ళారు. కువైట్ చమురుకు గిరాకీ అమాంతం పెరిగింది. ఊరూ పెరిగింది.

ఇక్కడివారి నోట ఇప్పటికీ తిన్నగా పోవడాన్ని 'సీదా' అంటారు, పంకాను 'బంకా' అంటారు. ఆ మాటలు చమురు కంపెనీతో వచ్చినవి కావు. అంతకు ముందే ఖర్జూరం నింపుకుని బొంబాయికీ మలబారుకీ పోయి, టేకు కలప, కొబ్బరితాళ్ళు, బియ్యం వేసుకుని తిరిగొచ్చిన పడవలతో వచ్చినవి. ఆ ఓడ యజమానుల దగ్గర మలబారు వాళ్ళూ గుజరాతీలూ బేరగాళ్ళు. సమానంగా కూర్చుని గవ్వకు గవ్వ లెక్క చూసుకున్నవాళ్ళు. కంపెనీ వచ్చాక అదే భారతీయుడు నడిమి భాగంలో నంబరు వేసిన ఇంట్లో చేరాడు. ఈ తేడా మాకు ఊరు చూస్తున్నంతసేపూ మనసులో మెదిలింది.

ఇప్పుడు చూడబోతే అహ్మదీ చాలా అందమైన ఊరు. ఎడారిలో పచ్చదనం కోసం దారి తప్పి వచ్చినట్టుంటుంది. ఎత్తు తక్కువ ఇళ్ళు, గన్నేరు పొదలు, యూకలిప్టస్ చెట్లు. మొదటి రోజుల్లో కువైట్‌కు తాగునీరు షత్-అల్-అరబ్ నది నుంచి పడవల మీద వచ్చేదంటే, ఈ చెట్ల వెనక ఎంత పట్టుదల ఉందో ఊహించవచ్చు. సెయింట్ పాల్స్ చర్చి, కాథలిక్కుల అవర్ లేడీ ఆఫ్ అరేబియా చర్చి రెండూ ఉన్నాయి. శుక్రవారం ఆ దారుల్లో మలయాళం, కొంకణి, తమిళం వినవచ్చాయి, ఒకచోట గోదావరి యాసలో తెలుగు కూడా. 1960లో కట్టిన కంపెనీ ఆసుపత్రికి చాలాకాలం సౌత్‌వెల్ అని కంపెనీ పెద్ద ఒకాయన పేరు ఉండేది. 1975లో కంపెనీ పూర్తిగా కువైట్ ప్రభుత్వపరమైంది. ఉత్తర భాగంలో ఇంగ్లీషు దొరల బదులు కువైటీ ఉద్యోగులు చేరారు. 1991లో ఇరాకీ సైన్యం పోతూ పోతూ ఆరువందలకు పైగా బావులు తగలబెట్టినప్పుడు ఈ ఊరిమీద పట్టపగలు చీకటి పడింది. ఆఖరి బావిని ఆ ఏడాది నవంబరు 6న ఆర్పారు. ఈ చరిత్రంతా పిల్లలకు అర్థమయ్యేట్టు చూపే అహ్మద్ అల్ జాబర్ చమురు ప్రదర్శనశాల అక్కడే ఉంది. పోదలచినవారు ముందుగా వేళలు కనుక్కుని పోవాలి.

ఒక్కటి మాత్రం అహ్మదీలో మాకు దొరకలేదు. చౌకు! కంపెనీ కట్టిన సూక్ ఉంది, దుకాణాలున్నాయి. కాని ఊరంతా వచ్చి కలబడే చోటు నక్షాలో లేదు. అది దిగువన, సముద్రపు ఒడ్డున ఉంది. ఫహాహీల్ ఒకప్పుడు చేపలవాళ్ళ పల్లె. మిట్టమీద పనిచేసినవాళ్ళు జీతం రాగానే దిగివచ్చి గుడ్డా, గిన్నే, బియ్యమూ కొనుక్కోవడంతో బజారైపోయింది. ఏ వాస్తుశిల్పీ గీయలేదు. ఇవాళ్టికీ ఫహాహీల్‌లో చేపల మార్కెట్టు దగ్గర ఇంజనీరూ డ్రైవరూ ఒకే గంప మీద వంగి వంజరం బేరం చేస్తారు. మార్కెట్ టౌన్ అన్న మాట ఈ చుట్టుపక్కల దేనికైనా తగునంటే దానికే తగును.

మా పెద్దమ్మాయి అడిగిన ప్రశ్న ఒకటుంది. ఇప్పుడు ఆ మూడు ముక్కలు లేవా అని. గీతలు కాగితం మీద నుంచి పోయాయి, నేలమీద నుంచి పోలేదని చెప్పవలసి వచ్చింది. కుటుంబ వీసాలు 2024 జనవరిలో మళ్ళీ తెరిచినప్పుడు నెలకు 800 దీనార్ల జీతం ఉండాలన్న షరతు పెట్టారు. డాక్టర్లం, ఇంజనీర్లం దాటగలిగాం. భార్యాబిడ్డల్ని తెచ్చుకునే హక్కు మెట్టును బట్టి ఉండడం అహ్మదీ నడిమి వీధుల్లో మొదలైన సంగతే కదా. అదే సంవత్సరం జూన్ 12న మన పక్కనే ఉన్న మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం తెల్లవారుజామున అంటుకుని యాభైమంది దాకా పోయారు. అత్యధికులు మనదేశం వారు, తెలుగువారూ ఉన్నారు. గదికి ఎంతమంది, మెట్లదారి ఎంత వెడల్పు అన్న లెక్కలు ఆ వారం రోజులూ పత్రికల్లో చదివాం. కోలారు లైన్ల గురించి చదివినప్పుడు వచ్చిన ఊపిరాడనితనమే మళ్ళీ వచ్చింది.

మన సంఘం సంగతీ ఒకసారి చూసుకుందాం, కోపగించుకోకండి. ఉగాది సభకు ముందు రెండు వరసలు కుటుంబాలకు, వెనక వరసలు 'బ్యాచిలర్లకు' అని మనమే కాగితాలు అంటిస్తున్నాం. ఆ బ్యాచిలర్లలో సగం మందికి ఊళ్ళో పెళ్ళాం పిల్లలు ఉన్నారు! కడప నుంచీ కోనసీమ నుంచీ వచ్చి కువైటీ ఇళ్ళలో పనిచేసే అక్కాచెల్లెళ్ళకు ఆ వెనక వరసలో కూడా చోటు ఉన్నట్టు తోచదు. శుక్రవారం సెలవు దొరికిన ఏ ఒకరిద్దరో వస్తే తలుపు దగ్గర నిలబడి పాటలు విని పోతారు. బందరు ఫ్యాక్టరీలో కుర్చీల వరస పెట్టింది కంపెనీ. మన హాల్లో పెట్టింది ఎవరు? వచ్చే సభకు వరసలు ఎత్తేసి, వచ్చినవారు వచ్చినట్టు కూర్చునే ఏర్పాటు చేయమని కార్యవర్గానికి మేము రాతపూర్వకంగా అడగబోతున్నాం. సంతకం పెట్టదలచినవారు చెప్పండి.

మరొక విన్నపం. 1950లలో, 60లలో మద్రాసు, ఆంధ్ర రాష్ట్రాల నుంచి వచ్చి అహ్మదీలో కంపెనీ ఉద్యోగం చేసినవారి పిల్లలో, మనవలో మన మధ్య ఉంటే, లేదా ఊళ్ళో తెలిసినవారుంటే, వారి దగ్గర పాత గుర్తింపు కార్డు, క్వార్టరు కేటాయింపు కాగితం, ఫోటో, జాబు ఏదున్నా సరే కాపీ తీయించి సంఘం కార్యదర్శికి అందజేయండి. అసలు ప్రతి మీకే తిరిగి ఇస్తాం. ఇంటి నంబరు ఉంటే మరీ మంచిది. ఆ ఇల్లు ఇప్పుడు ఉందో లేదో మేము పోయి చూసివస్తాం.